ఓడినవాడు చెప్పే తీర్పు

నేను ఒక భోషాణాన్ని. అంటే తెలుసుగా, ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకున్నా మూలగకుండా లేవనెత్తలేని పెద్ద టేకు పెట్టెని. ఇప్పుడు నేనుండేది ఆఫ్రికా తూర్పు భాగంలో, రుంబే అనే కొండ జిల్లాలో, కోర్టు వరండాలో. వాయిదాల కోసం వచ్చినవాళ్ళు నన్ను బల్ల అనుకుని కూర్చుంటారు. కూర్చోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాళ్ళు ఊపుతూ నా పొట్టని మడమలతో తన్నేవాళ్ళ మీదే కాస్త కోపం. ఇన్నేళ్ళలో నా మీద కూర్చున్నవాళ్ళకు లెక్క లేదు గాని, నా మీంచి లేచి నిలబడ్డవాళ్ళలో ఒకే ఒక్క మనిషి గురించి మీకు చెప్పాలని ఉంది. పెట్టెలకి పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవడం మహా ఇష్టం, కాబట్టి ముందు కొంచెం ఓపిక పట్టండి.

పుట్టింది రాజమండ్రిలో. గోదావరి మీద తెప్పలు కట్టి తెచ్చిన మన్యం టేకు నా ఒళ్ళు. మామిడోజు వీరాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. నోరు విప్పితే తిట్లే గాని చెయ్యి బంగారం. మేకు కొట్టకుండా మూలలు పళ్ళు కోసి బిగించాడు, అంచులకి ఇత్తడి పట్టీలు తాపడం చేశాడు, చివరికి నా మూత మీద అరచేత్తో ఒక్కటి చరిచి, "దీన్ని చెదలు ముట్టుకుంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. ఆయన పేరు మార్చుకోవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

నన్ను కొన్నవాడు ఇవటూరి కామేశం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టుండే మనిషి. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న ఈ దేశంలో కోర్టు గుమాస్తాగా ఉద్యోగం దొరికిందని, నా కడుపు నిండా పంచెలూ, ఆవకాయ జాడీలూ, ఇంగువ డబ్బా కుక్కుకుని ఓడెక్కాడు. సముద్రం మీద ఇంగువ డబ్బా మూత ఊడింది. ఆ వాసన నన్ను పూర్తిగా వదలడానికి ఓ తరం పట్టింది.

ఇక్కడ గుమాస్తాను కరాని అంటారు. మన కరణమే ఓడెక్కి వచ్చి పేరు మార్చుకున్నాడని కామేశం తెగ సంబరపడ్డాడు. పెద్దవయసు మగవాణ్ణి మ్జే అంటారు, అదీ బాగానే ఉంది. ఆడవాళ్ళను మర్యాదగా మామా అని పిలవాలని తెలిశాక మాత్రం చాలా రోజులు ఆయనకు నోరు తిరగలేదు. జిల్లా మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. నాకు వినడం మాత్రమే వచ్చు, మాట్లాడటం రాదు. ఆయనకు అదే సౌకర్యంగా ఉండేదనుకుంటాను. మధ్యాహ్నం నా మీద కూర్చుని అన్నం తింటూ కడుపులో మాటలన్నీ చెప్పుకునేవాడు.

కోర్టులోకి నేను ఎలా వచ్చానంటే, చెదల వల్ల. దొరలు సీమ నుంచి తెప్పించిన బీరువాలో పెట్టిన కాగితాలను చెదలు కమ్మగా భోంచేస్తుంటే కామేశం చూడలేకపోయాడు. పంచెలు రేకు పెట్టెలోకి మార్చి, నన్ను నలుగురి చేత మోయించి రికార్డు గదిలో దింపాడు. "ఇదిగో, సర్కారు కొలువులోకి వచ్చావు. పరువు తియ్యకు" అన్నాడు. నా లోపల పెట్టిన దస్తాలన్నిటికీ ఇంగువ వాసన పట్టిందని దొరలు కొన్నాళ్ళు ముక్కులు మూసుకున్నారు. చెదలు కూడా అదే పని చేశాయి. దాంతో దొరలు సర్దుకున్నారు.

ఆ కోర్టు ఒక వింత కాపురం. ఒకవైపు దొరల చట్టం, ఒకవైపు కొండజనం ఆచారం, రెండూ ఒకే గదిలో కూర్చుని ఒకదాని మాట ఒకదానికి తెలియకుండా సంసారం చేసేవి. మధ్యలో దుబాసీ మా కామేశం. మేకల తగాదాలు, హద్దుల తగాదాలు, లేచిపోయిన పెళ్ళికూతుళ్ళు, అన్నీ ఆయన నోట్లోంచి ఇటూ అటూ వెళ్ళి చివరికి కాగితమై నా దగ్గరికి వచ్చేవి. మనుషులు తగువులాడుకున్నంత ఓపికగా మరే పనీ చెయ్యరని నాకు అక్కడే తెలిసింది.

తర్వాత చెడ్డకాలం వచ్చింది. తమ నేల తమకు కావాలని కొండల్లో జనం తిరగబడ్డారు. సర్కారు ముళ్ళకంచెలు వేసి శిబిరాలు కట్టింది. ఎవరో ఒకరు పేరు చెబితే చాలు, విచారణ లేదు, నేరం ఫలానా అని చెప్పడం లేదు, మనిషిని లారీ ఎక్కించి తీసుకుపోవడమే. అలా పోయినవాళ్ళలో ముతిసో అనే రైతు ఒకడు. ఊట కింద మంచి చేను ఉండేది అతనికి, ఎండాకాలంలో కూడా తడి ఆరని నేల. ముతిసో శిబిరంలోనే పోయాడు. జ్వరమొచ్చి పోయాడని కబురు పంపారు. అతని చేనును సర్కారు, తనకు నమ్మకంగా ఉన్నాడని చెప్పి, ఆ కొండవాలుకు పెద్దమనిషిగా పెట్టుకున్న కితోంగా అనే ఆయనకు రాసిచ్చింది.

ముతిసో భార్య పేరు మ్వేండే. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఆవిడ కోర్టుకెక్కింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. సర్కారు కోర్టులో సర్కారు మీద ఏం గెలుస్తుంది? కామేశం కూడా అర్జీ తర్జుమా చేసి ఇస్తూ, "పాపం, కాళ్ళరిగేలా తిరగడమే" అని నాతో అన్నాడు. కానీ అప్పటి మేజిస్ట్రేటు దొర పింఛనుకు దగ్గరపడ్డ ముసలాయన. ఎవరికీ భయపడే వయసు దాటిపోయింది. సాక్షుల్ని పిలిచాడు, శిబిరం కాపలావాణ్ణి కూడా పిలిచాడు, పైపు నములుతూ అంతా విన్నాడు, తీర్పు చెప్పాడు. చేను మ్వేండేది అన్నాడు. ముతిసో నిరపరాధి అన్నాడు. అతన్ని కొట్టి చంపారనీ, కితోంగా చేను మీద ఆశతో అతని పేరు సర్కారుకు అందించాడనీ, అలా లాక్కున్న నేలను ఇంకొకడికి ఇచ్చే హక్కు సర్కారుకు లేదనీ అన్నాడు. కామేశం ఒక్కో మాటా ఆగి ఆగి తర్జుమా చేశాడు. ఆయన నోట అంతటి న్యాయమైన మాట అంతకుముందు ఎప్పుడూ రాలేదు మరి.

తీర్పు అయిపోయింది. దొర లేచాడు. జనం మాత్రం లేవలేదు.

"వీళ్ళు లేవరేం?" అని అడిగాడు దొర.

కామేశం ముందువరసలో కూర్చున్న ముసలమ్మతో మాట్లాడి వచ్చి, "వీళ్ళ ఆచారమటండి. ఓడిన మనిషి తీర్పు మొత్తం తన నోటితో అప్పజెప్పాలట. అదయ్యేదాకా పని పూర్తయినట్టు కాదట" అన్నాడు.

"ఓడినవాడా? గెలిచినవాడు కాదూ?"

ముసలమ్మే జవాబు చెప్పింది. "గెలిచినవాడి నోట్లో పెడితే చేను ఏడాదికో బారెడు పెరుగుతుంది దొరా. అందుకని ఓడినవాడి దగ్గర దాస్తాం. మిగతావాళ్ళం ఆ మాట ఎత్తకూడదు. నలుగురు చెబితే నాలుగు తీర్పులవుతాయి. గెలిచినవాళ్ళు నలుగురిలో అడిగితే, ఓడినవాడు చెప్పాలి. అంతే."

"ఓడినవాడు తనకు కావలసినట్టు మార్చి చెబితేనో?"

"అలాంటివాణ్ణి మా కొండ మీద ఇంకా చూళ్ళేదు" అంది ముసలమ్మ.

దొర మళ్ళీ కూర్చున్నాడు. కితోంగా లేచాడు. సర్కారు ఇచ్చిన ఖాకీ కోటు, ఇత్తడి గుండీలు. ఆ కోటు వేసుకుని, ఊరందరి ముందూ, ముతిసో పేరు సర్కారుకు చెప్పింది తనేనని అప్పజెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. నేల చూస్తూ చెప్పాడు. కానీ చెప్పాడు. మ్వేండే అతని వైపు చూడలేదు. చేను వెనక్కి తీసుకుంది, అతనితో మాట మానేసింది. అతను ఎదురైతే దారి మార్చుకునేది. కామేశం టైపు కొట్టిన తీర్పు కాగితాలు నా కడుపులోకి వచ్చాయి.

అప్పుడు జిల్లా అధికారిగా ఉన్న పెల్హామ్ దొర కొండజనం ఆచారాలను చట్టంగా రాస్తున్నాడు. రాజధాని నుంచి ప్రశ్నలు అచ్చువేసి పంపారు. పెళ్ళికి ఎన్ని మేకలు, ఆస్తి ఎవరికి, అలాంటివి. కామేశం ఎగిరి గంతేసినంత ఉత్సాహంగా వెళ్ళి ఈ ఓడినవాడి ఆచారం సంగతి చెప్పాడు. పెల్హామ్ శ్రద్ధగా విన్నాడు, ప్రశ్నల కాగితం కిందా మీదా వెతికాడు, "దీన్ని రాయడానికి ఇందులో చోటు లేదే" అని వదిలేశాడు. నన్నడిగితే ఆ దొర చెడ్డవాడు కాదు. కుక్కపిల్లల్ని ముద్దుచేసేవాడు, జ్వరమొచ్చినవాళ్ళకి క్వినైన్ ఇచ్చేవాడు. చోటున్న చోట మాత్రమే రాసేవాడు, అంతే.

కాలం తిరిగింది. దొరలు వెళ్ళిపోతున్నారని, మన జెండా ఎగరబోతోందని రుంబే అంతా డప్పులు మోగాయి. ఆ సంబరంలో ఒకరోజు పొద్దున్నే పెల్హామ్ రికార్డు గదిలోకి వచ్చి, కామేశం ముందు చెయ్యి చాపాడు.

"మిస్టర్ కామేశం, తాళంచెవి ఇవ్వండి. ఇక మీదట మీరు ఈ గదిలోకి రానవసరం లేదు."

"అన్నీ నేను సర్దినవేనండి. ఏ కాగితం ఎక్కడుందో నాకు..."

"తెలుసు. అందుకే" అన్నాడు పెల్హామ్, కాస్త సిగ్గుపడుతూ.

రాజధాని నుంచి వచ్చిన హుకుం అది. ఏ కాగితం సీమకు పోవాలో, ఏది కొత్త సర్కారుకు మిగలాలో, ఏది మిగలకూడదో తెల్లదొరలే తేల్చాలి. నల్లవాళ్ళు గాని, మా కామేశం లాంటి చామనఛాయవాళ్ళు గాని ముట్టుకోకూడదు. జీవితమంతా ఆ గదిలో దుమ్ము మింగిన మనిషి, తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. నాకు చేతులుంటే అప్పుడు పెల్హామ్ చెవి మెలిపెట్టేవాణ్ణి.

నన్ను పెరట్లోకి ఈడ్చారు. అక్కడ ఒక కిరసనాయిలు డ్రమ్ము పెట్టి, పక్కల బెజ్జాలు పొడిచి, నిప్పు వేశారు. పెల్హామ్ చొక్కా చేతులు మడిచి నా ముందు గొంతుకూర్చుని ఒక్కో దస్తా తీసి చదివేవాడు. మేకల తగాదా అయితే ఇటు, శిబిరం మాట ఉంటే అటు. మ్వేండే తీర్పును చాలాసేపు చదివాడు. చదువుతూ ఒకసారి నుదురు తుడుచుకున్నాడు. తర్వాత అటే వేశాడు. ఆ కేసు ఉన్నట్టు రాసిన పద్దు పుటనూ చింపి దాని వెంటే పంపాడు. బూడిద కూడా కాగితం ఆకారంలో మిగలకూడదని కర్ర పెట్టి కలిపాడు. కానీ చేనును కితోంగాకు రాసిచ్చిన ఉత్తర్వు మాత్రం భూముల దస్తాలో భద్రంగా ఉండిపోయింది. అందులో శిబిరం ఊసు లేదు, ఎవరికీ తలవంపులు తెచ్చే మాట ఒక్కటీ లేదు. లాక్కున్న కాగితం మిగిలింది, తిరిగి ఇచ్చిన కాగితం పోయింది.

సాయంత్రానికి నేను పుట్టాక ఎప్పుడూ లేనంత ఖాళీగా ఉన్నాను. జుట్టు నిండా మసితో పెల్హామ్ నన్ను కామేశానికి అప్పగించి, "మీ పెట్టె మీకు. చాలా మంచి పెట్టె" అని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. కామేశం నా మూత ఎత్తి చూసి, మళ్ళీ వేసి, నా మీద కూలబడ్డాడు.

జెండా ఎగిరింది. ఆ రోజు జనం పాడిన పాటకు రేకుల కప్పు అదిరింది. పాత బాధలన్నీ తీరినట్టే అనిపించింది నాకు కూడా. కొత్త సర్కారు, ఎవరి నేల ఎవరిదో తేల్చి పట్టాలిస్తాం, ఉన్న కాగితాలు పట్టుకురండి అని చాటింపు వేయించింది. సదుద్దేశమే. కానీ మ్వేండే దగ్గర కాగితం లేదు. ఎప్పుడడిగినా కోర్టులో భద్రంగా ఉందని చెప్పింది మా కామేశమే. అటు కితోంగా కొడుకు కియోకో, బడిపంతులు, చురుకైనవాడు, పాత భూముల దస్తాలో తన తండ్రి పేరు చూసి పొంగిపోయి దావా వేశాడు. తండ్రి సంగతులేవీ తెలియని వయసులోనే పట్నం వెళ్ళి చదువుకుని వచ్చినవాడు. వాడి దృష్టిలో అది న్యాయమైన ఆస్తే.

మ్వేండే కోర్టు వరండాలో కామేశాన్ని పట్టుకుంది.

"నా చేను పోతుందా కరాని?"

కామేశం, "నేను సాక్ష్యం చెబుతాను. కానీ చాలదేమోనని భయంగా ఉంది. మీరు కితోంగాను నలుగురిలో అడగాలమ్మా. మీ ఆచారం ప్రకారం" అన్నాడు.

ఆవిడ ముఖం గడ్డకట్టింది. "ఆ తీర్పు విన్న రోజున ఒట్టు పెట్టుకున్నాను, వాడితో మాట్లాడనని. ఇప్పుడు వాడి నోటి చలవ మీద బతకమంటావా?"

"నాకూ నమ్మకం లేదమ్మా. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, చేను ఆయన కొడుకుది అవుతుంది. అలాంటప్పుడు ఏ మనిషి నోరు విప్పుతాడు? కానీ ఇంకో దారి కనపడటం లేదు నాకు."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

విచారణ రోజు కోర్టు కిక్కిరిసిపోయింది. బల్లలు చాలక నన్ను కూడా లోపలికి లాగారు. కితోంగాను తీసుకొచ్చి నా మీద కూర్చోబెట్టారు. ఖాకీ కోటు ఎప్పుడో పోయింది. చూపు సగం పోయింది. చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఎవరూ తనని పట్టించుకోకపోతే బాగుండు అన్నట్టు కూర్చున్నాడు.

కొత్త మేజిస్ట్రేటు ఒచోలా గారు సరస్సు వైపు నుంచి వచ్చిన కుర్రాయన. కొండ ఆచారాలు ఆయనకూ కొత్తే. కియోకో చూపించిన ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతా సక్రమంగా ఉంది, ముద్రతో సహా. మ్వేండేను కాగితం అడిగాడు. లేదంది. కామేశం బోనెక్కి, తీర్పు వచ్చిందనీ, తనే టైపు కొట్టాననీ, పెరట్లో తగలబెట్టారనీ చెప్పాడు. ఉద్యోగం పోతుందనే భయం కూడా లేకుండా చెప్పాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

కియోకో లేచాడు. "అయ్యా, ఈయన దొరల జీతం తిన్నవాడు. రేపోమాపో తన దేశానికి ఓడెక్కేవాడు. ఏం చెప్పినా ఆయనకు పోయేదేముంది?"

ఒచోలా ఉత్తర్వును బల్ల మీద పెట్టి, "కరాని గారూ, నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. కానీ మీ ఒక్కరి మాట పట్టుకుని ముద్ర ఉన్న కాగితాన్ని కొట్టెయ్యలేను. ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఆ తీర్పు విన్నవాళ్ళు ఆ గదిలో ఇంకా కొందరున్నారు. ఒక్కరూ పెదవి కదపలేదు. ఆ మాట ఎత్తే హక్కు వాళ్ళకు లేదు.

అప్పుడు మ్వేండే లేచింది. నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. ఒట్టు తీసి గట్టున పెట్టి, "మ్జే కితోంగా, ఊట కింది చేను తీర్పు నీ దగ్గర ఉంది. అడుగుతున్నాను" అంది.

కియోకో తండ్రి చెవి దగ్గరకు వంగాడు. "లేవకు నాన్నా. గుర్తులేదని చెప్పు. ఈ వయసులో నిన్నెవరూ తప్పుపట్టరు."

కితోంగా వేళ్ళు నా మూత అంచును పట్టుకున్నాయి. ఎంత గట్టిగా అంటే, ఇత్తడి పట్టీ కిర్రుమంది. ఆ క్షణం ఆయన ఏం చేస్తాడో నాకు తెలియలేదు. ఆయనకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. తర్వాత ఆయన నా మీంచి లేచాడు.

"ఊట కింది చేను మ్వేండేది" అన్నాడు. "నల్లరాయి నుంచి వాగు దాకా. ముతిసో తండ్రి బండలు ఏరి చదును చేసిన నేల. ముతిసో ఏ తప్పూ చెయ్యలేదు. అతని పేరు సర్కారుకు చెప్పింది నేను. చేను మీద ఆశతో చెప్పాను. జ్వరంతో పోలేదు అతను. కొట్టి చంపారు. సర్కారు నాకిచ్చిన కాగితానికి ఆ నేల ఇచ్చే హక్కు లేదు. నేను ఓడిపోయాను."

ఒచోలా కలం పట్టుకుని ఉన్నాడు గాని రాయడం మరిచిపోయాడు.

"మ్జే, మీరు ఊరుకుంటే చేను మీ కొడుక్కి వచ్చేది కదా?"

"వచ్చేది."

"మరెందుకు చెప్పారు?"

కితోంగా ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "నా దగ్గర దాచారయ్యా" అన్నాడు.

నా దగ్గరా దాచారు. నేను మేలైన టేకును, నాకు ఇత్తడి పట్టీలున్నాయి, తాళం ఉంది, చెదలకు లొంగను. అయినా ఒక దొర చొక్కా చేతులు మడిచి పొద్దుటి నుంచి సాయంత్రంలోగా నన్ను ఖాళీ చెయ్యగలిగాడు. ఈ ముసలాయన ఒకప్పుడు నీచమైన పని చేసినవాడే, అందులో అబద్ధం లేదు. కానీ తన పరువు తీసే మాటను ఇన్నేళ్ళు ఒక్క పలుకు జారిపోకుండా మోసి, అడిగిన చోట దింపాడు. ఆ రోజు ఆయన్ని చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టెను కాబట్టి ఊరుకున్నాను.

తన మీద తానే చెప్పుకున్న మాటకు మించిన సాక్ష్యం ఏ చట్టంలోనూ లేదని ఒచోలా అన్నాడు. దావా కొట్టేసి, చేను మ్వేండే పేరుతోనే రాయించాడు. కామేశం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కియోకో తల పట్టుకుని కూర్చున్నాడు. వాడికి పోయింది చేను ఒక్కటే కాదు, అప్పటిదాకా తెలిసిన తండ్రి కూడా.

అంతా అయిపోయిందనుకుని ఒచోలా లేవబోయాడు. జనం మాత్రం లేవలేదు. కితోంగా కర్రతో కొడుకు భుజం తట్టాడు.

"లే. ఇవాళ ఓడింది నువ్వు. నేనింక ఎన్నాళ్ళుంటానో. ఇది నీ దగ్గర ఉండాలి."

కియోకో లేచాడు. చదువుకున్నవాడు, ఒకసారి వింటే చాలు. కానీ మాటలు బరువుగా వచ్చాయి. "ఊట కింది చేను మ్వేండేది. నల్లరాయి నుంచి వాగు దాకా..." ముతిసో ఏ తప్పూ చెయ్యలేదు అన్నదాకా వచ్చి ఆగిపోయాడు. తర్వాతి మాట ఏమిటో అందరికీ తెలుసు.

"ఆ మాట వదిలెయ్యనివ్వండి" అంది మ్వేండే హఠాత్తుగా. "చేను నాకు వచ్చింది. అదెందుకు ఈ బిడ్డ నోట్లో? వాడు చేసింది కాదుగా."

ఆవిడ అలా అంటుందని ఎవరూ అనుకోలేదు. కియోకో ఆశగా తండ్రి వైపు చూశాడు. కితోంగా తల అడ్డంగా ఊపాడు.

"వదలకూడదమ్మా. ఆ మాట తీసేస్తే నేనేదో మంచివాణ్ణయి నీకు చేను ఇచ్చినట్టవుతుంది. ఇచ్చిన దాన్ని నా మనవడు వెనక్కి అడగొచ్చు. ఓడిపోయిన దాన్ని అడగలేడు."

అని, మళ్ళీ నా మీద కూర్చున్నాడు. మ్వేండే ఆయన ముఖంలోకి చూసింది. ఆ తర్వాత వచ్చి ఆయన పక్కనే, నా మీదే కూర్చుంది. ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ వదిలి.

"అయితే మొదటి నుంచి చెప్పు నాయనా" అంది కియోకోతో. "నిదానంగా చెప్పు. మేం వింటాం."

కియోకో కళ్ళు తుడుచుకున్నాడు. ఊట కింది చేను మ్వేండేది అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.